తెగుతూ కలిసే నెట్‌వర్క్‌లో డేటాబేస్ రెప్లికేషన్

నెట్‌వర్క్ అడపాదడపా మాత్రమే అందే సర్వర్‌లో ఒక డేటాబేస్ నకలును ఉంచి, కనెక్షన్ దొరికినప్పుడల్లా దాన్ని తాజా చేసే పద్ధతి ఇది. ఓడలు, మారుమూల కార్యాలయాలు, క్షేత్ర సిబ్బంది ల్యాప్‌టాప్‌లు దీనికి సాధారణ సందర్భాలు. ఇక్కడ సింక్రనస్ రెప్లికేషన్ పనికిరాదు: నకలు నుంచి జవాబు వచ్చేదాకా మూల సర్వర్‌లో కమిట్ ఆగిపోతుంది. అందుకే మార్పులను ముందు మూలంలోనే నమోదు చేసి, తర్వాత పంపుతారు.

చరిత్ర

1989లో విడుదలైన లోటస్ నోట్స్, డయలప్ మోడెమ్ మీద సర్వర్ల నకళ్లను సరిచూసుకునే పద్ధతిని కార్యాలయాలకు అలవాటు చేసింది. బలహీనమైన కనెక్షన్ల కోసం జెరాక్స్ పార్క్ పరిశోధకులు రూపొందించిన బేయూ వ్యవస్థపై 1995లో పత్రం వెలువడింది. నోట్స్‌పై పనిచేసిన డేమియన్ కాట్జ్ 2005లో కౌచ్‌డీబీ అనే డేటాబేస్‌ను మొదలుపెట్టారు.

లాగ్ నిల్వ

పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి మార్పూ ముందు వాల్ అనే లాగ్‌కు ఎక్కుతుంది; డిఫాల్ట్‌గా ఒక్కో లాగ్ ఫైలు 16 ఎంబీ. 2014 నాటి 9.4 వెర్షన్‌తో వచ్చిన రెప్లికేషన్ స్లాట్, నకలుకు ఎంతవరకు అందిందో గుర్తుంచుకుని, అందని ఫైళ్లను చెరిపేయనివ్వదు. నకలు ఎంతకీ తిరిగి రాకపోతే ఫైళ్లు పేరుకుపోయి, డిస్క్ నిండి, మూల సర్వరే నిలిచిపోవచ్చు. 2020 నాటి 13వ వెర్షన్ నుంచి ఈ నిల్వకు పరిమితి పెట్టే వీలుంది. పరిమితి దాటితే స్లాట్ చెల్లకుండా పోవచ్చు. అవసరమైన లాగ్ వేరేచోట ఆర్కైవ్‌లో లేకపోతే, కొత్త బ్యాకప్‌తో నకలును మొదటి నుంచి కట్టుకోవాలి.

మైసీక్వెల్ 8.0 బైనరీ లాగ్‌ను డిఫాల్ట్‌గా 30 రోజులు ఉంచుతుంది. అంతకు మించి దూరమైన నకలుకూ ఇదే పరిస్థితి. కాబట్టి లాగ్‌ను ఎంతకాలం ఉంచాలన్నది కనెక్షన్ తెగి ఉండే గరిష్ఠ కాలాన్ని, డిస్క్‌లోని ఖాళీని బట్టి నిర్ణయించాలి.

ఆగినచోటి నుంచి

కౌచ్‌డీబీలో ప్రతి మార్పుకూ ఒక వరుస గుర్తు ఉంటుంది. ఎక్కడిదాకా పంపారో తెలిపే చెక్‌పాయింట్‌ను రెండు వైపులా దాస్తారు. కనెక్షన్ మధ్యలో తెగితే, తిరిగి కలిశాక ఆ రెండింటినీ పోల్చి అక్కడి నుంచే కొనసాగిస్తారు. అప్పటికే చేరిన రివిజన్ మళ్లీ వచ్చినా నష్టం లేదు.

రెండు వైపులా మారితే

నకలులోనూ రాతలకు అనుమతిస్తే కాన్‌ఫ్లిక్ట్‌లు తప్పవు. మొదటి రివిజన్‌లో ఉన్న డాక్యుమెంట్‌ను ఆఫ్‌లైన్ ల్యాప్‌టాప్‌లో రెండుసార్లు, సర్వర్‌లో ఒకసారి దిద్దారనుకుందాం. ల్యాప్‌టాప్‌లోని డాక్యుమెంట్ 3వ రివిజన్‌కు, సర్వర్‌లోనిది 2వ రివిజన్‌కు చేరుతాయి. కలిశాక కౌచ్‌డీబీ పొడవైన చరిత్ర గల ల్యాప్‌టాప్ ప్రతిని విజేతగా చూపుతుంది. చరిత్రలు సమానమైతే రివిజన్ గుర్తులను పోల్చి తేలుస్తుంది. గడియారాలతో పని లేదు కనుక ప్రతి సర్వర్ తనంతట తానే ఒకే నిర్ణయానికి వస్తుంది. ఓడిన ప్రతి కూడా భద్రంగా ఉంటుంది; రెండింటినీ కలపడం అప్లికేషన్ బాధ్యత. చివరి రాతదే గెలుపు అనే పద్ధతి తేలికైనదే గాని, గడియారాలు తేడాగా ఉంటే కొత్త మార్పు చడీచప్పుడు లేకుండా పోతుంది.

తొలగింపులు

తీసేసిన రికార్డు స్థానంలో టూంబ్‌స్టోన్ అనే గుర్తు మిగలాలి. లేకపోతే పాత నకలు తిరిగి కలిసినప్పుడు ఆ రికార్డును మళ్లీ బతికిస్తుంది. కసాండ్రా డేటాబేస్‌లో ఈ గుర్తుకు డిఫాల్ట్ గడువు 10 రోజులు. ఆపైన తిరిగొచ్చిన నోడ్‌ను నేరుగా కలపకుండా కొత్తగా నింపడం సురక్షితం.