బండి ఒరగకుండా చూసిన చేతులు

పుదుచ్చేరి పాత పట్టణాన్ని అండాకారంలో చుట్టివచ్చే బులెవార్లలో పడమటిదాన్ని దాటితే ఒర్లియంపేట. బస్ స్టాండు ఆ పక్కనే. చెన్నై నుంచి, విల్లుపురం నుంచి, కడలూరు నుంచి వచ్చే బస్సుల సందడిలో అప్పుడప్పుడు పీవై-01 నంబరుతో, నేలకు దింపిన చిన్న కారు ఒకటి కనిపిస్తుంది. కంపెనీ స్ప్రింగులు తీసేసి పొట్టి స్ప్రింగులు వేయించుకున్న ఇలాంటి కార్ల యజమానులు ఎక్కడైనా తరచుగా చెప్పే బాధ ఒకటే: కారు దిగింది గానీ సమంగా దిగలేదు. ఒక పక్క చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్లు పడితే, రెండో పక్క మూడు పడతాయి.

ఈ చిక్కు స్ప్రింగుల కన్నా పాతది. మనిషిని మోసే సాధనం ఏదైనా సమంగా నిలవాలంటే ఎవరో ఒకరు చూసుకోవాల్సిందే. ఆ పనివాళ్ల చరిత్రను ఫ్రెంచి పుదుచ్చేరి వీధుల నుంచే మొదలుపెట్టవచ్చు.

18వ శతాబ్దంలో ఇక్కడి పెద్దల వాహనం పల్లకి. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’కు ఎవరి పేరు పెట్టాడో ఆ ఆనందరంగ పిళ్లై ఫ్రెంచివారి దుబాసీ. 1736 నుంచి 1761 దాకా దినచర్య రాసిపెట్టాడు. ఆ కాలంలో పల్లకి ఎక్కడం హోదా, గవర్నరు ఇచ్చే గౌరవం. కానీ పల్లకి వాలకుండా చూసేది మోసే బోయీలే. ముందువాళ్లకూ వెనకవాళ్లకూ ఎత్తు తేడా ఉంటే పల్లకి ఒక కొసకు వాలుతుంది. అడుగు కలవకపోతే ఊగుతుంది. స్ప్రింగు చేయాల్సిన పనంతా మోకాళ్లు, భుజాలు చేసేవి.

ఆ తర్వాత పుదుచ్చేరి వీధుల్లోకి పూస్‌-పూస్‌ వచ్చింది. వెనక నుంచి మనుషులు తోసే బండి ఇది. లోపల కూర్చున్న ఆసామి చేతిలో ఒక పిడి ఉండేది, ముందు చక్రాన్ని దానితో తిప్పుకునేవాడు. తోసేవాడొకడు, దారి మళ్లించేవాడొకడు. అలాంటి బండి ఒకటి పుదుచ్చేరి మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

తెలుగు ఊళ్లలో స్ప్రింగును ఇంటింటికీ పరిచయం చేసింది జట్కా. ఎద్దుబండికి ఇరుసు మీద నేరుగా చట్రం ఉంటుంది, కుదుపంతా నడుముకే. జట్కాకు ఇరుసుకూ పెట్టెకూ మధ్య ఉక్కు పట్టీల కమాను ఉండేది. అయినా ఆ బండికి రెండే చక్రాలు కాబట్టి బరువు వెనక్కి పడితే గుర్రానికి కట్టిన నొగలు పైకి లేచేవి. అందుకే జట్కావాడు ఎక్కినవాళ్లను “ముందుకు జరగండి బాబూ” అనేవాడు. కమాను ఎంత మంచిదైనా బరువు సర్దే పని మనిషిదేనని అతనికి తెలుసు.

లారీలు, బస్సులు వచ్చాక ఆ సర్దుబాటు ఒక వృత్తిగా మారింది. విజయవాడలో ఊరి మధ్యనున్న షెడ్లను ఒకచోటికి చేర్చడానికి 1966లో ఆటోనగర్ మొదలైంది. ఇంజను పనివాళ్లు, బాడీ కట్టేవాళ్లు, టైర్లవాళ్లతో పాటు కమాను పనివాళ్లూ అక్కడ స్థిరపడ్డారు. లారీ వెనక ఇరుసు మీద ఒకదానికింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల దొంతరే కమాను కట్ట. అన్నిటికన్నా పొడవైన మెయిన్ పట్టీ రెండు కొసలూ చట్రానికి తగులుకుంటాయి, మిగతా పట్టీలు మెట్లు మెట్లుగా పొట్టివవుతూ దాని బరువు పంచుకుంటాయి. సెంటర్ బోల్టు వాటిని కలిపి ఉంచితే, యూ బోల్టులు మొత్తం కట్టను ఇరుసుకు బిగిస్తాయి.

ఇసుక, ఇనుము, ధాన్యం బస్తాలు మోసి మోసి పట్టీ వంపు చచ్చిపోతుంది. అప్పుడు కట్ట విప్పి, పట్టీని కాల్చి, అచ్చుకు సరిపోయేలా సుత్తితో కొట్టి వంపు తిరిగి తేవాలి. నూనెలో ముంచి గట్టిపరచాలి, పెళుసుదనం పోవడానికి మళ్లీ మితంగా వేడి చూపాలి. వేడి మించితే పట్టీ మెత్తబడుతుంది, తగ్గితే మొదటి గుంటలోనే విరుగుతుంది. పనికిరాని పట్టీ కూడా వృథా పోదు. కమ్మరి కొలిమికి చేరి కత్తిగానో కొడవలిగానో మారుతుంది.

ఈ వృత్తిలో మూడు పద్ధతులు గట్టిగా నిలిచాయి. ఒక పక్క కట్ట మారిస్తే రెండో పక్కా చూడాలి, ఎందుకంటే కొత్తది పాతదానికన్నా ఎత్తు నిలుస్తుంది. బిగింపు చివరి పట్టు బండి బరువు చక్రాల మీద పడ్డాక వేయాలి. కొంత తిరిగొచ్చాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి, పట్టీలు ఒకదానిమీద ఒకటి కుదురుకుంటాయి గనక. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి. ఎడమ పక్కన నడిచే బండి బరువు కొంత ఎడమ కమానుల మీదికి జరుగుతుంది. బస్సుకు ఫుట్‌బోర్డు కూడా ఎడమవైపే. అందుకే బండి ఒరిగితే ముందు ఎడమ కట్ట వైపు చూడటం ఆ పనివాళ్లకు అలవాటైంది.

1957 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్‌కు వెనక కమాను కట్టలే. ముందు మాత్రం టోర్షన్ బార్లు, అంటే మెలిపడి బరువు మోసే ఉక్కు కడ్డీలు. ఏళ్ల తరబడి వాడాక ఒక పక్క ముక్కు కుంగితే, మెకానిక్ ఆ కడ్డీ బిగింపును కాస్త జరిపి ఎత్తు సరిచేసేవాడు. ఎత్తు సర్దుకునే వీలు బండిలోనే ఉండేది.

ఫ్రెంచివాళ్లు ఈ సమస్యను మరో దారిలో పట్టుకున్నారు. 1948లో బయటికొచ్చిన సిట్రోయెన్ 2సీవీ, దున్నిన చేలో కోడిగుడ్ల బుట్టతో వెళ్లినా గుడ్డు పగలకూడదన్న పట్టుదలతో తయారైంది. అందులో ఒకే పక్కన ఉన్న ముందు, వెనక చక్రాల స్ప్రింగులను కలిపారు. 1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారత్ చేతికొచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో సిట్రోయెన్ డీఎస్ కనిపించింది. దానికి ఉక్కు స్ప్రింగు బదులు వాయువు, నూనె. బరువు పెరిగితే నూనె తోడుకుని తన ఎత్తు తానే నిలుపుకునేది. అంత తెలివైన కారులోనూ ఎత్తు చూసుకునే కవాటం ముందు ఒకటి, వెనక ఒకటి మాత్రమే. కుడి ఎడమల సమతూకం రెండు పక్కలనూ కలిపే యాంటీ రోల్ బార్ మీదే ఆధారపడింది.

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800కు వెనక ఇంకా పట్టీలే. 1986 మోడల్‌తో అక్కడికీ కాయిల్ స్ప్రింగు వచ్చింది. ప్రయాణం మెత్తబడింది, సర్దుబాటు పోయింది. కాయిల్‌కు పట్టీ చేర్చలేం, తీయలేం. పైగా తీగ మందంలో చిన్న తేడా కూడా పెద్దదై కూర్చుంటుంది, ఎందుకంటే కాయిల్ గట్టితనం తీగ మందం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. మందం 1 శాతం తగ్గితే గట్టితనం సుమారు 4 శాతం తగ్గుతుంది. చక్రానికి 300 కిలోల బరువు పడి స్ప్రింగు 120 మిల్లీమీటర్లు నొక్కుకునే చోట, ఆ తేడాతో 125 నొక్కుకుంటుంది. ఆ 5 మిల్లీమీటర్లు కంటికి కనబడతాయి.

కారును కావాలని దింపే మోజుకు పేరుపడింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి లాస్ ఏంజెలిస్‌లో. అక్కడి మెక్సికన్ అమెరికన్ యువకులు డిక్కీలో ఇసుక బస్తాలు పెట్టేవారు, స్ప్రింగుల చుట్లు కోసేవారు. చక్రాల అంచు కన్నా కిందికి కారు ఏ భాగమూ దిగకూడదని కాలిఫోర్నియా 1958 జనవరి 1 నుంచి చట్టం పెట్టింది. మరుసటి ఏడాది రాన్ అగీర్ తన కార్వెట్‌కు హైడ్రాలిక్ పంపులు అమర్చి, అవసరమైనప్పుడు కారు లేపుకునే దారి కనిపెట్టాడు. మన దేశంలో కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని మరింత గట్టిగా నిలబెట్టింది. కనుక స్ప్రింగు మార్చే ముందు రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం అవసరం.

మరి దింపిన కారు ఒక పక్కకే ఎందుకు ఒరుగుతుంది? చాలాసార్లు జవాబు కమాను పనివాళ్ల రెండో పద్ధతిలోనే ఉంది. కారును జాక్ మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా వాటిని చట్రానికి కలిపే చేతుల బోల్టులు గట్టిగా బిగిస్తే, లోపలి రబ్బరు బుష్షులు ఆ వేలాడే భంగిమలోనే పట్టుబడతాయి. కిందికి దించాక అవి మెలిపడి కారును పైకి తోస్తూ ఉంటాయి, అదీ ఒక్కో పక్క ఒక్కోలా. స్ప్రింగు కొస, దాన్ని పట్టి ఉంచే గిన్నెలోని గాడిలో కూర్చోకపోయినా అంతే. కొన్ని కార్లలో డ్రైవరు వైపు స్ప్రింగు వేరు. కొన్ని మెర్సిడెస్ కార్లలో స్ప్రింగు పైనుండే రబ్బరు మెత్తలే వేర్వేరు మందాల్లో వస్తాయి. డ్రైవరు ఎడమన కూర్చునే దేశానికి చేసిన సెట్టును కుడి స్టీరింగు కారుకు వేస్తే, ఆ లెక్క తిరగబడుతుంది.

లోపం కనిపించిన మూలలోనే ఉండాలని కూడా లేదు. ఒక కోడు పొట్టిదైన మంచంలా, వెనక ఎడమ స్ప్రింగు కుంగితే ముందు కుడి మూల లేస్తుంది. అందుకే కొలత నాలుగు మూలలా, చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిచూసి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా తీయాలి. నేల నుంచి కొలిస్తే టైరు తేడా కూడా అందులో కలిసిపోతుంది.

కొలత అయ్యాక బుష్షు బోల్టులన్నీ వదులు చేసి, కారును నేలమీద నాలుగు గజాలు ముందుకీ వెనక్కీ తోసి, బరువు చక్రాల మీదుండగానే మళ్లీ బిగించాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి కొలవాలి. అప్పటికీ ఒరుగుతుంటే, రెండు పక్కలా ఒకే రకం స్ప్రింగులున్న కారులో ఆ ఇరుసు మీది స్ప్రింగులను కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి చూడవచ్చు. ఒరుగు స్ప్రింగుతో పాటు రెండో పక్కకు వెళితే లోపం స్ప్రింగుది. వెళ్లకుండా అక్కడే ఉంటే బుష్షులోనో, గిన్నెలోనో, ఎప్పుడో గుద్దుకున్న చట్రంలోనో వెతకాలి.