కాందిశీకుని మొర, న్యాయస్థానం తీర్పు

కశింకోట, అనకాపల్లి ప్రాంతాల వారికి బర్మా ఎరుగని దేశమేమీ కాదు. పూర్వపు విశాఖ జిల్లా నుండి వేలాదిమంది పొట్ట చేతబట్టుకొని ఓడలెక్కి రంగూన్ వెళ్ళారు. 1942లో జపాను సేనలు బర్మాపై విరుచుకుపడగా, ఆ దేశంలోని భారతీయులలో అనేకులు అడవిదారిన కాలినడకన తిరిగి వచ్చారు. వారు చేరుకొన్నది స్వదేశం. అక్కడ ఉండనిమ్మని ఏ న్యాయస్థానం మెట్లూ ఎక్కవలసిన పని లేకపోయింది.

అదే బర్మాలోని అరకాన్ నుండి ప్రాణభయంతో పారిపోయి వచ్చిన రోహింగ్యా ముస్లిముల గతి వేరు. వారిలో కొన్నివేలమంది హైదరాబాదులో, ముఖ్యంగా బాలాపూర్ పరిసరాలలో తలదాచుకొన్నారు. భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. ఆశ్రయం కోరినవాని దరఖాస్తు విని అవునో కాదో తేల్చే ప్రత్యేక చట్టమూ చేయలేదు. నిర్ణయమే లేనిచోట దానిపై అప్పీలు ఎక్కడిది? పంపివేతకు సిద్ధమైనప్పుడు న్యాయస్థానంలో చెప్పుకోగలిగినదల్లా రాజ్యాంగం 21వ అధికరణం. అది పౌరులకే కాక ప్రతి మనిషికీ ప్రాణరక్షణ నిస్తుంది. 1996లో చక్మాల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. 1998లో ఇద్దరు ఇరాకీ శరణార్థుల విషయంలో గుజరాత్ హైకోర్టు మరో అడుగు ముందుకు వేసింది: ప్రాణానికి ముప్పున్న చోటికి మనిషిని తిప్పి పంపరాదన్న సూత్రం 21వ అధికరణంలోనే ఇమిడి ఉన్నదని.

ఇస్లాం చరిత్ర చదివినవారికి ఇక్కడ నజాషీ కొలువు గుర్తుకు రాకమానదు. మక్కా నుండి హబషాకు వలసవెళ్ళిన ముస్లిములను తమకు అప్పగించమని ఖురైష్ దూతలు కానుకలతో వచ్చారు. రాజు వారి మాట మీదనే తీర్పు చెప్పలేదు. వలస వచ్చినవారిని పిలిపించి, హజ్రత్ జాఫర్ (రజి) చెప్పినదంతా విని, పిమ్మటనే దూతలను కానుకలతో సహా తిప్పి పంపాడు. తిరిగి వెళితే ఏమవుతుందన్న ప్రశ్నే ఆ విచారణకు ప్రాణం.

2021 మార్చిలో జమ్మూలో నిర్బంధితులైన రోహింగ్యాల తరఫున సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ప్రశ్నా అదే. ఏప్రిల్ 8న ఉత్తర్వు వెలువడింది. మరో దేశంలో జరుగుతున్నదానిపై తాము వ్యాఖ్యానించలేమని ధర్మాసనం అన్నది. 14, 21 అధికరణాలు అందరికీ వర్తించినా, దేశం నుండి పంపివేయబడకుండా ఉండే హక్కు 19వ అధికరణం కింద పౌరులకే గల నివాసహక్కుతో ముడిపడి ఉన్నదన్నది. నిర్ణీత పద్ధతి పాటించకుండా మాత్రం వారిని పంపరాదని ఆదేశించింది.

ఆ పద్ధతి ఏమిటో కేంద్రప్రభుత్వమే విన్నవించింది: ఈ వ్యక్తులు తమ పౌరులేనని స్వదేశ ప్రభుత్వం ధ్రువీకరించిన తరువాతనే పంపుతామని. వారి స్వదేశమైన మయన్మార్ 1982 నాటి పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలను తన జాతులలో లెక్కకు రాకుండా చేసింది.