గొప్ప సారథి ఎవరు?
గెలుపోటముల లెక్కకు అందని కొందరు క్రికెట్ నాయకుల కథ

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘ మిత్రులు అడిగినప్పుడు పింఛను, వైద్య బిల్లుల సంగతులు రాయడానికి సమర్థులు చాలామంది ఉన్నారు కదా అనిపించింది. అందుకని మనలో చాలామందికి ఇష్టమైన క్రికెట్‌ను ఎంచుకున్నాను. ఇంట్లో మనవళ్ళు ఎవరు గొప్ప కెప్టెన్ అని వాదించుకుంటూ ఎన్ని కప్పులు, ఎన్ని విజయాలు అని లెక్క తీస్తారు. ఆ లెక్క తప్పని అనను. కానీ ఆ లెక్క ఒక్కటే చూస్తే కొందరు మహానుభావులు జాబితాలోనే కనిపించరు. చరిత్రలోని నాలుగైదు ఉదాహరణలతో ఆ సంగతి విన్నవించుకుంటాను.

మన తెలుగు పత్రికలు కెప్టెన్‌ను సారథి అంటాయి. చక్కని మాట. కురుక్షేత్రంలో సారథి ఆయుధం పట్టలేదు, పగ్గాలు పట్టాడు. మరి బ్యాటు సరిగా పట్టలేనివాడు జట్టుకు సారథి కావచ్చునా? దీనికి చరిత్ర రెండు రకాల జవాబులు చెప్పింది.

మొదటిది మన విజయనగరం వారి కథ. 1932లో లార్డ్స్ మైదానంలో భారత జట్టు తన మొట్టమొదటి టెస్టు ఆడింది. ఆ పర్యటనకు నాయకుడు పోరుబందరు మహారాజు. అయితే ఆయన తన ఆట సంగతి తాను ఎరిగినవాడు. టెస్టు మ్యాచి నాడు పక్కకు తప్పుకొని సి.కె. నాయుడు గారికి దారి ఇచ్చాడు. నాగపూరులో పుట్టిన ఈ తెలుగు కుటుంబీకుడు అలా భారతదేశపు తొలి టెస్టు కెప్టెన్ అయ్యాడు. నాలుగేళ్ళ తరువాత 1936లో మళ్ళీ ఇంగ్లండు వెళ్ళినప్పుడు నాయకత్వం విజయనగరం మహారాజకుమార్, అంటే 'విజ్జీ'కి దక్కింది. నాయుడు ఆ జట్టులో మామూలు ఆటగాడు. విజ్జీ మూడు టెస్టులలో ఆరు ఇన్నింగ్స్ ఆడి మొత్తం 33 పరుగులు చేశాడు. జట్టు ముఠాలుగా చీలిపోయింది. మొదటి టెస్టుకు ముందే, మంచి ఊపులో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో ఓడ ఎక్కించి ఇంటికి పంపించారు. 1937లో బ్యూమాంట్ కమిటీ విచారణ జరిపి, ఫీల్డర్లను నిలబెట్టడం, బౌలర్లను మార్చడం కెప్టెన్‌కు తెలియలేదని తేల్చి, అమర్‌నాథ్‌ను నిర్దోషి అన్నది. తరువాతి కాలంలో విజ్జీ క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా, విశాఖపట్నం లోక్‌సభ సభ్యుడిగా, రేడియో వ్యాఖ్యాతగా పేరు పొందారు. అది వేరే సంగతి. పదవి వేరు, నాయకత్వం వేరు అని 1936 మనకు నేర్పింది.

రెండవ జవాబు ఇంగ్లండు నుంచి. మైక్ బ్రియర్లీ 39 టెస్టులు ఆడి ఒక్క సెంచరీ కూడా చేయలేదు. సగటు 23 పరుగుల లోపే. అయినా 31 టెస్టులకు నాయకత్వం వహించి 18 గెలిచాడు, నాలుగే ఓడాడు. 1981లో ఆస్ట్రేలియాతో సిరీస్ సగంలో ఉండగా ఇయాన్ బోథమ్ కెప్టెన్సీ వదులుకున్నాడు. బ్రియర్లీని మళ్ళీ పిలిచారు. పదవి పోయిన మనిషి మనసు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. మ్యాచికి ముందు, అసలు ఆడాలని ఉందా అని బోథమ్‌నే అడిగాడు. ఉందన్నాడు. లీడ్స్ టెస్టులో ఇంగ్లండు ఫాలో ఆన్ ఆడవలసి వచ్చింది. ఆ స్థితిలో అదే బోథమ్ 149 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఆస్ట్రేలియాకు కావలసినవి 130 పరుగులే. బాబ్ విల్లిస్‌ను గాలివాలుగా ఉండే రెండో కొసకు మార్చి, నోబాల్స్ గురించి బెంగపడవద్దని బ్రియర్లీ చెప్పాడు. విల్లిస్ 43 పరుగులకు 8 వికెట్లు తీశాడు. ఇంగ్లండు 18 పరుగులతో గెలిచింది.

విజ్జీ, బ్రియర్లీ ఇద్దరూ బ్యాటుతో గొప్పవారు కారు. తేడా ఎక్కడ? ఒకరు జట్టులోని మంచి ఆటగాడిని దూరం చేసుకున్నారు. ఇంకొకరు మనసు చెదిరిన ఆటగాడిని దగ్గరకు తీసుకున్నారు. మనుషులను తెలుసుకోవడమే మొదటి లక్షణమని నాకు తోస్తుంది.

ఇక నా దృష్టిలో అందరికంటే ఎత్తున నిలిచేవాడు వెస్టిండీస్ నాయకుడు ఫ్రాంక్ వొర్రెల్. ఆ దీవుల జట్టులో నల్లజాతి ఆటగాళ్ళు ఎంత గొప్పవారైనా కెప్టెన్సీ మాత్రం తెల్లవారికే అనేది చాలాకాలం ఆనవాయితీ. 1948లో జార్జి హెడ్లీకి ఒక్క టెస్టులో అవకాశం వచ్చింది. ఒక పూర్తి సిరీస్‌కు నాయకుడైన మొదటి నల్లజాతి ఆటగాడు వొర్రెల్. ఆ పదవి కోసం ట్రినిడాడ్‌లో సి.ఎల్.ఆర్. జేమ్స్ తన పత్రికలో ఉద్యమమే నడిపాడు.

1960 డిసెంబరులో బ్రిస్బేన్‌లో ఆ సిరీస్ మొదలైంది. అప్పట్లో అక్కడ ఓవరుకు ఎనిమిది బంతులు. చివరి ఓవరులో ఆస్ట్రేలియాకు ఆరు పరుగులు కావాలి, మూడు వికెట్లు చేతిలో ఉన్నాయి. బంతి వెస్ హాల్ చేతిలో ఉంది. ఆఖరి ఘట్టంలో వొర్రెల్ దగ్గరకు వచ్చి, నోబాల్ వేశావో నువ్విక బార్బడోస్‌లో కాలు పెట్టలేవు సుమా అని మెల్లగా హెచ్చరించాడని హాల్ తరువాత నవ్వుతూ చెప్పుకునేవాడు. ఏడో బంతికి జో సాలమన్ విసిరిన బంతి వికెట్లను తాకింది. రెండు జట్ల మొత్తం స్కోర్లూ 737. టెస్టు చరిత్రలో అదే మొదటి 'టై'.

ఆ సిరీస్‌ను వెస్టిండీస్ 1-2 తేడాతో ఓడిపోయింది. అయినా జట్టు వెళ్ళిపోయేటప్పుడు మెల్‌బోర్న్ వీధులలో జనం బారులు తీరి వీడ్కోలు చెప్పారు. ఆ రెండు దేశాల మధ్య పోటీకి పెట్టిన ట్రోఫీకి ఫ్రాంక్ వొర్రెల్ పేరు పెట్టారు. ఓడిన కెప్టెన్ పేరు! ఇంతకంటే ఏం చెప్పాలి?

ఆయన కథలో మనకు సంబంధించిన ఘట్టం 1962 మార్చిలో జరిగింది. మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ బార్బడోస్ జట్టుతో ఆడుతుండగా చార్లీ గ్రిఫిత్ బంతి తలకు తగిలి పుర్రె చిట్లింది. వెంటనే శస్త్రచికిత్స, రక్తం కావాలి. రక్తమిచ్చిన వారిలో మన ఆటగాళ్ళతో పాటు ప్రత్యర్థి జట్టు నాయకుడు వొర్రెల్ కూడా ఉన్నాడు. కాంట్రాక్టర్ ప్రాణాలు దక్కాయి. వొర్రెల్ మాత్రం 1967లో, 42 ఏళ్ళకే, రక్తపు క్యాన్సరుతో మరణించాడు. బెంగాల్ క్రికెట్ సంఘం ఆయన పేరిట ఫిబ్రవరి 3న రక్తదాన శిబిరం నిర్వహించడం ఆనవాయితీగా పెట్టుకుంది.

కాంట్రాక్టర్ పడిపోవడంతో పగ్గాలు పటౌడీ నవాబు మన్సూర్ అలీ ఖాన్ చేతికి వచ్చాయి. వయసు 21 ఏళ్ళు. అంతకు కొన్ని నెలల ముందే, 1961లో, ఇంగ్లండులో కారు ప్రమాదంలో కుడికన్ను చూపు పోయింది. ఆ ఒంటికంటితో ఆరు టెస్టు సెంచరీలు చేశాడు. కెప్టెన్‌గా ఆయన లెక్క చూస్తే 40 టెస్టులు, 9 విజయాలు, 19 ఓటములు. మనవళ్ళ లెక్కలో ఆయన గట్టెక్కడు. కానీ 1968లో న్యూజీలాండ్‌లో 3-1తో గెలిచి, విదేశంలో మనకు మొదటి సిరీస్ విజయం తెచ్చింది ఆయనే. మనకున్నది స్పిన్ అయితే దానితోనే గెలుద్దామన్న ధైర్యం ఆయనది. చంద్రశేఖర్, వెంకటరాఘవన్, బేడీ ముగ్గురూ ఆయన నాయకత్వంలోనే టెస్టుల్లో అడుగుపెట్టారు. 1971లో విజయ్ మర్చంట్ కాస్టింగ్ ఓటుతో ఆయన పదవి పోయింది. కెప్టెన్ అయిన అజిత్ వాడేకర్ ఆ ఏడాదే వెస్టిండీస్‌లో, ఇంగ్లండులో సిరీస్‌లు గెలిచాడు. వాడేకర్ ప్రతిభను తక్కువ చేయను. కానీ ఓవల్‌లో 38 పరుగులకు 6 వికెట్లు తీసిన చంద్రశేఖర్‌ను నాటినవాడు వేరు, పంట కోసినవాడు వేరు.

ఈ పటౌడీ రంజీ పోటీలలో మన హైదరాబాద్ జట్టుకు ఆడాడు. అక్కడ కెప్టెన్ ఎం.ఎల్. జయసింహ! దేశ జట్టులో జయసింహ పటౌడీ కింద, హైదరాబాద్ జట్టులో పటౌడీ జయసింహ కింద. ఈ ఇద్దరి మధ్య అది చిన్నతనం అనిపించలేదు. నాకు ఇది చాలా పెద్ద పాఠంగా కనిపిస్తుంది. కింద నిలబడడం తెలిసినవాడే పైన నిలబడగలడు. జయసింహకు భారత కెప్టెన్సీ ఎన్నడూ దక్కలేదు. ఆయన నాయకత్వంలో హైదరాబాద్ రంజీ ట్రోఫీ కూడా గెలవలేదు. అయినా 1971లో వెస్టిండీస్ వెళ్ళిన భారత జట్టులో ఆయనతో కలిపి హైదరాబాద్ వారు ఐదుగురు ఉన్నారు. సునీల్ గవాస్కర్ తన కొడుకుకు రోహన్ జయవిశ్వ అని పేరు పెట్టుకున్నాడు. అందులో 'జయ' మన జయసింహే. రికార్డు పుస్తకంలో లేని గౌరవం అది.

పాఠక మిత్రులారా, మనమంతా ముప్పై, ముప్పై అయిదేళ్ళు ఎందరో పై అధికారుల కింద పనిచేసినవాళ్ళం. వాళ్ళ హయాములో లక్ష్యాలు ఎంత శాతం నెరవేరాయో ఇప్పుడెవరికీ గుర్తులేదు. తప్పు జరిగిన నాడు మన వెనుక నిలబడినవారు, మనలో ఉన్న పనితనాన్ని మనకంటే ముందు కనిపెట్టినవారు, బదిలీ అయ్యాక కూడా ఊళ్ళోకి వస్తే పలకరించి వెళ్ళినవారు మాత్రం గుర్తున్నారు. క్రికెట్టులోనూ అంతే. ఈసారి ఇంట్లో వాదన వచ్చినప్పుడు కప్పులతో పాటు ఈ నాలుగు పేర్లూ మనవళ్ళ చెవిన వేయండి. వాళ్ళలోనూ ఎవరో ఒకరు రేపు పదిమందిని నడిపించవలసినవాళ్ళే కదా!