నేలవెలుగును కొలుచు విద్య

సంతలో పడి కొఱతయైనచో కొనువాడు నష్టపడును. తూకపురాయి బరువెక్కినచో అమ్మువాడు నష్టపడును. ఈ రెండు నష్టములను వారించుటకే ముద్రవేసిన కొలతలు ఏర్పడినవి. మన రాయలసీమ రైతు బ్రదుకులో ఇప్పుడు మఱియొక కొలత ప్రవేశించినది. అది ధాన్యమును గాదు, వెలుగును కొలుచునది. చేనిమీద పడిన సూర్యకాంతిలో ఎంతపాలు తిరిగి పైకి మరలుచున్నదో ఉపగ్రహము చూచును. పైరు పచ్చగానున్నదా, వాడినదా యను నిర్ణయమునకు ఆ చూపు ఒక ఆధారమగుచున్నది. ఈ కొలతకు ముద్ర యెట్లు పడినదో తెలిసికొనుట చదువుకొన్న ప్రతి కుటుంబమునకును అవసరమని మా యభిప్రాయము.

ఫ్రెంచి పండితుడు బూగేర్ 1729లో కాంతి కొలతను గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. ఒక వెలుగు మఱియొకదానికంటె ఎన్ని రెట్లు అధికమో మన కన్ను చెప్పజాలదు; కాని ప్రక్కప్రక్కనున్న రెండు వెలుగులు సమానములా కావా యనుటను బాగుగా చెప్పగలదు. అందుచే ఆయన కన్నును గణకునిగా గాక, సాక్షిగా మాత్రమే నియమించెను. దీపమును వెనుకకు జరిపి రెండు వెలుగులను సమానముచేసి, దూరమునుబట్టి లెక్కకట్టెను. 1760లో లాంబర్టు గరుకైన తలమునుండి కాంతి నలుదెసలకు చెదరు విధమునకు సూత్రము చెప్పి, పడిన కాంతిలో మరలిన పాలునకు తెల్లదనమను అర్థముగల ఆల్బెడో యను లాటిను పేరు పెట్టెను.

పాలు తెలియవలెనన్న పూర్ణము తెలియవలెను. సంపూర్ణముగా తెల్లనిదేది? మెగ్నీషియము లోహమును కాల్చగా వచ్చు తెల్లని పొగను పలకపై పట్టించి, 1931లో అంతర్జాతీయ సంఘమువారు దానిని ప్రమాణముగా గ్రహించిరి. కాని ఆ పూత కాలక్రమమున మాసి, తన తెల్లదనమును కోల్పోవుచుండెను. ప్రమాణమే మారినచో కొలత నిలుచునా? అందుచే 1969 నుండి ఏ వస్తువును గాక, పడిన కాంతినంతయు సమముగా మరల్చు ఒక ఊహాతలమునే ప్రమాణముగా నిలిపి, పలకలను దానితో పోల్చి విలువకట్టుచున్నారు. చేనిలో కొలుచువారు మొదట తెల్లపలకను, పిమ్మట పైరును, మరల పలకను చూతురు. నడుమ మబ్బు కదలి వెలుగు మారినచో ఆ కొలతను త్రోసివేయుదురు. కొలుచువాడు తెల్లబట్టలతో యంత్రముచెంత నిలుచుటయు దోషమే. ఆ బట్టల వెలుగు పైరు వెలుగులో కలియును.

ఈ విద్య మన సీమకు వచ్చుట యిటీవలి కథ. భారత అంతరిక్ష పరిశోధన సంస్థయు, భారత వ్యవసాయ పరిశోధన మండలియు కలిసి 1974-75లో అనంతపురము జిల్లాయందును, పంజాబులోని పటియాలాయందును విమానమునుండి పరారుణ ఛాయాచిత్రములు తీసి పైరులను గుర్తించు ప్రయత్నము చేసిరి. 1988 మార్చి 17న మన ఐ.ఆర్.యస్. దూరగ్రాహక ఉపగ్రహశ్రేణిలో మొదటిదైన ఐ.ఆర్.యస్.-1ఏ బైకనూరునుండి ఎగసెను. 1989లో ఉపగ్రహముల చూపుతో కరవును కనిపెట్టు జాతీయ ప్రణాళిక ఆరంభమాయెను. 2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన కరవు నిర్వహణ గ్రంథము సస్యసూచికను సాక్ష్యములలో నొకటిగా చేర్చెను.

సస్యసూచిక యననేమి? పచ్చని ఆకు ఎఱ్ఱకాంతిని తన ఆహారనిర్మాణమునకై మ్రింగును. కంటికి కానరాని పరారుణకాంతిని విస్తారముగా మరల్చును. ఆకు వాడినకొలది ఈ భేదము తగ్గును. రెంటి భేదమును రెంటి మొత్తముచే భాగింపగా వచ్చునదే సూచిక. చెనిక్కాయ చేనొకటి నూటికి 5 పాళ్లు ఎఱ్ఱకాంతిని, 40 పాళ్లు పరారుణకాంతిని మరల్చుచున్నదనుకొందము. 35ను 45చే భాగింపగా 0.78 వచ్చును. ఆ చేనిపై ధూళియు మంచుపొగయు క్రమ్మినవనుకొందము. నేలను తాకకయే చెదరిన కాంతి యంత్రమున ప్రవేశించి ఎఱ్ఱకాంతిని 10 పాళ్లుగా చూపినచో, సూచిక 0.60కు దిగును. చేను మారలేదు, గాలి మాఱినది. దీనికి విరుద్ధముగా, లేని ధూళిని ఉన్నదని యెంచి లెక్కలో తీసివేసినచో వాడిన పైరు పచ్చగా కనబడును. మొదటి తప్పు లేని కరవును కల్పించును. రెండవ తప్పు ఉన్న కరవును మరుగుపఱచి, సాయము రావలసిన కుటుంబమును వట్టిచేతులతో నిలుపును. సూచికను గడచిన సంవత్సరములతో పోల్చుదురు గదా యందురేమో. ఆ సంవత్సరముల గాలియు ఈ సంవత్సరపు గాలియు ఒక్కటి గాదే!

గాలి యడ్డును కొలుచు ఉపాయము ప్రాతదే. అమెరికా పండితుడు లాంగ్లీ 1881లో విట్నీ పర్వతమెక్కి సూర్యకాంతిని కొలిచెను. సూర్యుడు దిగినకొలది కిరణములు ఎక్కువ గాలిని దాటి రావలెను. వేఱువేఱు వేళల కొలతలను వరుసగా నిలిపినచో, గాలియే లేనిచో వెలుగెంతయో గణింపవచ్చును. మన సీమలో తిరుపతికిని చిత్తూరునకును నడుమ, పాకాల సమీపమున గాదంకి యను గ్రామమున్నది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలయందు 1998లో జపానువారి సహకారముతో లైడారు యంత్రమును నెలకొల్పిరి. అది హరితవర్ణపు లేసరుకాంతిని ఆకాశమునకు పంపి, తిరిగివచ్చు వెలుగునుబట్టి ఏ యెత్తున ఎంత ధూళి యున్నదో చెప్పును. పైనుండి చూచు కంటికి క్రిందినుండి చూచు ఇట్టి సాక్షి కావలెను.

ఇంకొక చిక్కు కలదు. వానాధారపు చెనిక్కాయ చేనిలో సాళ్ల నడుమ ఎఱ్ఱనేల కనబడుచుండును. ఆ నేల వెలుగుకూడ పైరు వెలుగుతో కలిసి పైకిపోవును. వాన పడి తడిసినప్పుడొక తీరు, ఎండినప్పుడొక తీరు. హ్యూట్ అను శాస్త్రజ్ఞుడు 1988లో నేలప్రభావమును తగ్గించు సవరణను సూత్రములో చేర్చెను. అయినను మన నేలపై నిలిచి కొలిచిన సంఖ్యలతో సరిచూచినగాని ఆ సవరణ మనకు నమ్మదగినది కాదు.

కావున ఉపగ్రహమును దైవవాక్కుగా నమ్ముటయు, మాయయని త్రోసివేయుటయు రెండును అజ్ఞానమే. మన గ్రామమున కరవు లేదని పటము చెప్పినప్పుడు చదువుకొన్నవారు అడుగవలసినవి మూడు: ఆనాటి గాలి దోషమును ఎట్లు తీసితిరి? నేల వెలుగును ఎట్లు వేఱుచేసితిరి? చేనిలో నిలిచి ఎవరు సరిచూచిరి? సంతలో పడిని తిరగవేసి ముద్రచూచుట యవమానము గాదు. ఈ ప్రశ్నలును అట్టివే. రైతు పక్షమున వీనిని అడుగు బాధ్యత అక్షరము నేర్చిన మనయందే యున్నది.