ఇంటి పన్ను: అద్దె లెక్క, ఆస్తి విలువ లెక్క

పురపాలక సంస్థలు వసూలు చేసే ఆస్తి పన్నును ఏ ప్రాతిపదికన లెక్కించాలన్నది పైకి సాంకేతిక విషయంగా కనిపిస్తుంది. అద్దెపై ఆధారపడిన యజమానికి మాత్రం అది రాబడికి సంబంధించిన ప్రశ్న.

ఉమ్మడి రాష్ట్రంలో ఈ పన్నుకు వార్షిక అద్దె విలువే ఆధారం. హైదరాబాద్‌లో నివాస గృహాలకు ఆ పద్ధతే కొనసాగింది. చదరపు అడుగుకు నిర్ణయించిన నెలసరి అద్దెను విస్తీర్ణంతో గుణించి, భవనం వయసును బట్టి 10 నుంచి 30 శాతం తగ్గిస్తారు. గడువు దాటిన బకాయిపై నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది.

ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాన్ని సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువను ఆధారం చేసుకుంది. అంటే స్థలానికీ కట్టడానికీ కలిపి రిజిస్ట్రేషన్ శాఖ లెక్కగట్టే విలువ. నివాసాలకు అందులో 0.10 నుంచి 0.50 శాతం, ఇతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను విధించవచ్చు. నగరాల్లో నిరసనలు వ్యక్తమయ్యాయి. పెంపు పాత పన్నుపై 15 శాతం మించరాదన్న పరిమితి కొంత ఊరట. అయితే కొత్తగా కట్టిన ఇంటికి పాత పన్నంటూ ఉండదు.

అసలు చిక్కు మరొకటి. రిజిస్ట్రేషన్ విలువలు సవరిస్తే, పురపాలక మండలి శాతాన్ని మార్చకపోయినా పన్ను పెరగగలదు. ఇల్లు ఖాళీగా ఉన్నా, అద్దె ఒప్పందం పాత మొత్తానికే కట్టుబడి ఉన్నా ఆ విలువ తగ్గదు. అద్దెల కోసం ఇల్లు కొనేవారు బకాయిలతోపాటు ఆ ప్రాంతపు రిజిస్ట్రేషన్ విలువనూ ముందుగా చూసుకోవాలి.