సభలోంచి పుస్తకం, పుస్తకంలోంచి సభ

మాడపాటి హనుమంతరావు పేరుతో హైదరాబాద్ నారాయణగూడలో ఇవాళ్టికీ నడుస్తున్న బాలికల బడి 1928లో తెలుగు మాధ్యమంతో మొదలైంది. పాఠాలు చెప్పడానికి అడ్డేమీ లేదు. చిక్కంతా గుర్తింపు దగ్గరే వచ్చింది. అప్పటికి పదేళ్ల కిందట పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువు ఉర్దూలో సాగేది. పాఠ్యగ్రంథాలను తర్జుమా చేయించడానికే అక్కడ ప్రత్యేకంగా ఒక శాఖ ఉండేది. చివరికి పుణెలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయం పంచన చేరితే గానీ మాడపాటి వారి బడికి దారి దొరకలేదు. ఊళ్లోనే యూనివర్సిటీ ఉంది, తెలుగులో చదివిన పిల్లకు పట్టా మాత్రం పరాయి ఊరి నుంచి రావాలి!

ఉస్మానియాలో తెలుగు శాఖ లేకపోలేదు. రాయప్రోలు సుబ్బారావు అక్కడే ఆచార్యులు. అయితే ఆ శాఖ గడప దాటితే తెలుగు పుస్తకానికి చోటు లేదు. ఆ చోటును ఊరే కల్పించింది. 1943లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు తానే పరీక్షలు పెట్టింది, పుస్తకాలు వేసింది. నిజాం పాలన పోయాక శాఖ కూడా ఊళ్లోకి వచ్చింది. జానపద గేయాల మీద బిరుదురాజు రామరాజు, ఆధునిక కవిత్వం మీద సి.నారాయణరెడ్డి రాసిన సిద్ధాంత గ్రంథాలు పట్టా కోసం రాసినవే అయినా, పట్టాతో పనిలేని వాళ్లూ కొనుక్కుని చదివారు.

నా లెక్కలో ఈ కథకు నడిమి ఘట్టం యువభారతి. 1963లో మొదలైన ఈ సంస్థకు ఇరివెంటి కృష్ణమూర్తి వంటి అధ్యాపకులు ప్రాణం పోశారు, దివాకర్ల వెంకటావధాని వంటి పెద్దలు అండగా నిలిచారు. వారి ‘లహరి’ కార్యక్రమాల పద్ధతి సులువైనదే. ఒక్కో కావ్యాన్ని ఒక్కో పండితుడికి అప్పగిస్తారు. ఆయన తరగతి గదిలో చెప్పేదే మామూలు జనం ముందు చెబుతాడు. ఆ ప్రసంగాలనే తర్వాత తక్కువ ధరకు పుస్తకంగా వేస్తారు. అచ్చులోకి వెళ్లే మాట కాబట్టి వక్త ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడేవాడు. విన్నవాడే మళ్లీ చదివేవాడు కనుక తప్పించుకునే వీలూ లేదు.

ఆ రోజుల్లోనే, 1965లో, దిగంబర కవులు తమ తొలి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ముఖ్య అతిథి వ్యవస్థకు అంత గట్టి చురక మళ్లీ ఎవరూ పెట్టలేదు. వ్యవస్థ దాన్ని హాయిగా తట్టుకుని నిలబడింది, అది వేరే సంగతి.

ఇప్పుడు చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రం సభ ఎలా ఉంటుందో చూడండి. రంగు కాగితంలో చుట్టిన ప్రతులు, రిబ్బను, వరసగా కుర్చీలు. కాగితం విప్పిన ముఖ్య అతిథి పుస్తకాన్ని అప్పుడే మొదటిసారి తిరగేస్తూ, విషయసూచికలోంచి రెండు శీర్షికలు ఏరుకుని మైకు అందుకుంటాడు. అందరూ ఇలాగేనని కాదు. ఏ పేజీలో ఏముందో చెప్పి, రచయితతో తగువు పడే రిటైర్డు ఆచార్యులు ఇంకా ఉన్నారు. కానీ వాళ్ల వంతు వచ్చేసరికి శాలువాలు అయిపోతాయి, జనమూ పల్చబడతారు. ఒకప్పుడు ఉపన్యాసం పుస్తకమయ్యేది, ఇప్పుడు ఉపన్యాసానికి పుస్తకం సాకైపోతోంది.

అలాగని పాఠకుడు పోయాడనుకోకూడదు. పి.వి.నరసింహారావు తొలి అధ్యక్షుడిగా 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ, ఉస్మానియా తర్జుమా శాఖ ఉర్దూకు చేసిన పనిని తెలుగుకు చేసింది. డిగ్రీ విద్యార్థుల కోసం వేసిన ఆ పుస్తకాలను అశోక్‌నగర్ వీధుల్లో గ్రూప్స్ అభ్యర్థులు అట్టలు ఊడేదాకా చదువుతున్నారు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో వాళ్లకు కుర్చీ దొరకడమే గగనం. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వాళ్లకు పరీక్షలో రాగల ప్రశ్న. ఆ ప్రశ్న కోసం తెరిచి, పుస్తకం కోసం చదివేవాళ్లూ కొందరుంటారు.

హైదరాబాద్ పుస్తక ప్రదర్శన 1985లో మొదలైంది ఆ లైబ్రరీ ఆవరణలోనే. ఊరంతా తిరిగి ఇప్పుడు దోమలగూడకు కూతవేటు దూరంలోని ఎన్టీఆర్ స్టేడియంలో స్థిరపడింది. 2024 డిసెంబరులో అక్కడి సభావేదికకు బోయి విజయభారతి పేరు పెట్టారు. తెలుగు అకాడమీలో ఉద్యోగం చేస్తూ, అంబేడ్కర్, ఫూలేల జీవితాలను తెలుగులో రాసిన మనిషి ఆమె. ఆ వేదిక మీద కూడా శాలువాలు కప్పారు.