రేడియో పరికరాలకు ప్రభుత్వ ఆమోదం (ఈటీఏ)

లైసెన్సు అక్కరలేని ఫ్రీక్వెన్సీల్లో పనిచేసే వైఫై రౌటర్లు, బ్లూటూత్ పరికరాలు, చిన్నపాటి వాకీటాకీల వంటివాటికి భారతదేశంలో ఇచ్చే సాంకేతిక ఆమోదమే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్. వాడుకలో దీన్ని ఈటీఏ అంటారు. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం దీన్ని జారీ చేస్తుంది. లైసెన్సే ఎత్తేశాక మళ్లీ ఈ ఆమోదం దేనికన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. లైసెన్సు ఎత్తేశారు కాబట్టే ఇది కావాలన్నది దానికి సమాధానం. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు ఉండాలి. 2005లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును అందరికీ తెరిచినప్పుడు, వెలువడే శక్తి 4 వాట్లు దాటరాదన్న షరతు పెట్టారు. అంటే మనిషి మీద ఉన్న అదుపు యంత్రం మీదికి మారింది. యంత్రాన్ని కూడా చూడకపోతే ఆ బ్యాండుకు కాపలాయే ఉండదు.

ఈ ఆమోదం కోసం చేసే పరీక్షలో తేలేది కంటికి కనిపించేదే. వాకీటాకీ సెట్టును స్పెక్ట్రమ్ ఎనలైజరుకు తగిలిస్తే తెర మీద అసలు సంకేతం నిటారుగా లేస్తుంది. ఫిల్టరు నాసిరకమైతే రెండింతలు, మూడింతల ఫ్రీక్వెన్సీల దగ్గర కూడా మొలకలు లేస్తాయి. 150 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడే సెట్టు 300లోనూ 450లోనూ పలుకుతుందన్నమాట. వాడేవాడికి ఆ సంగతి తెలిసే దారి లేదు. పైగా, లైసెన్సు లేకుండా వాకీటాకీకి వదిలిన చోటు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న సన్నని సందు మాత్రమే. చౌక సెట్లు అనేకం మీటలు నొక్కితే చాలు, 136 నుంచి 174 దాకా ఎక్కడికైనా వెళ్తాయి.

అంతరాయం కలిగించినవాణ్ణే శిక్షిస్తే సరిపోదా అంటారు కొందరు. 2009లో ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ విమానాశ్రయ వాతావరణ రాడార్‌కు 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ నెట్‌వర్కులు అడ్డు తగిలినప్పుడు, అధికారులు దిశ పట్టుకుని ఒక్కో యాంటెన్నానూ వెతకాల్సి వచ్చింది. అమ్ముడై ఊరంతా పరుచుకున్నాక వెతుకులాట ఇంత కష్టం. అయితే ఆ ఉదంతం ధ్రువపత్రానికి ఉన్న పరిమితిని కూడా చెబుతుంది: రాడార్ ఎదురైతే తప్పుకునే ఏర్పాటును వాడేవాడు ఆపేయగలిగితే కాగితం మీది ఆమోదం అక్కరకు రాదు. చిన్న తయారీదారుకు ఖర్చు, జాప్యం భారమన్న మాట మాత్రం న్యాయమైనదే. 2019 నుంచి మొబైళ్లు, స్మార్ట్ వాచీల వంటివాటికి స్వీయ ప్రకటనతో ఈటీఏ ఇవ్వడం అందుకు సరైన విరుగుడు.

2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఫ్రీక్వెన్సీ, ఈటీఏ వివరాలు లేని వాకీటాకీని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టకూడదు. కొనేవారు చూడాల్సినవీ ఆ రెండే.